దొంగల భయానికి ఒక లైటు

కర్టెన్లమ్మ తన పెరటి గోడ మీద పెద్ద లైటు పెట్టించిన సాయంత్రం, అవతలి పెరట్లోంచి ఆడపడుచు మెచ్చుకుంది.

"మంచి పని చేశావు వదినా. మా వైపు కూడా పట్టపగల్లా ఉంది. డ్యూటీ నుంచి వచ్చాక కూడా దండెం మీద బట్టలు తీసుకోవచ్చు."

"దొంగల భయం కదా అమ్మాయీ," అంది కర్టెన్లమ్మ. "రోజులు బాగాలేవు. రాత్రంతా వెలుగుతుందిలే. నీకేం ఇబ్బంది లేదుగా?"

"మాకేం ఇబ్బంది? మేం పడుకునేది వీధి వైపు గదిలో."

ఆ సంగతి కర్టెన్లమ్మకి తెలుసు. తెలిసే పెట్టించింది. ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుని, కుట్టు మిషను ముందు కూర్చుని, సగం కుట్టిన కర్టెను అంచు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. దొంగ ఎవరో ఆవిడకి ఎప్పటి నుంచో తెలుసు. ఆ దొంగ నోటితోనే మెచ్చుకోలు వినడం మాత్రం అనుకోనిది. అది కొసరు.

ఇంత కడుపుమంట దేనికయ్యా అంటే, ఒక చామంతి మొక్క కోసం. నవ్వకండి. మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే మీరూ లైటే పెట్టించేవారు, ఇంకా పెద్దది.

ఆ చామంతి కర్టెన్లమ్మ అత్తగారిది. బజార్లో కుండీల్లో అమ్మే రకం కాదు, ఒక్కసారి పూసి చచ్చిపోయే రకం అసలే కాదు. పువ్వు కాల్చిన ఇటుక రంగు, రేకు తిరగేస్తే అడుగున పసుపు. మంచు పడి పెరట్లో మిగతా మొక్కలన్నీ నల్లబడిపోయాక కూడా అది పూస్తూనే ఉండేది. తర్వాత పైనంతా ఎండిపోయేది. చలి తగ్గగానే నేలలోంచి మళ్ళీ పిలకలు వేసేది. అలా ఎన్నేళ్ళుగా బతుకుతోందో అత్తగారికే సరిగ్గా తెలియదు. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. ఊళ్ళో ఏ నర్సరీలో అడిగినా ఆ రంగు లేదన్నారు.

దాని మర్యాదలు దానికున్నాయి. ఎండిన కాడల్ని చలికాలంలో కోయకూడదు, అవే దానికి దుప్పటి. చలి తగ్గాక దుబ్బు తవ్వి, నడుమ ముదిరిపోయిన మోడు పారేసి, చుట్టూ ఉన్న లేత పిలకల్ని విడదీసి నాటాలి. వేసవి సగం గడిచేదాకా చివుళ్ళు తుంచుతూ ఉండాలి. లేకపోతే ఏపుగా ఎదిగి గాలికి పడిపోతుంది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది అత్తగారు మంచాన పడ్డాక, తల దువ్వుతున్న కోడలికి చెప్పింది.

"మొదట దాన్ని వీధి వైపు నాటానే అమ్మాయ్. దీపస్తంభం కింద. ఆకు తప్ప మొగ్గ లేదు. గొడ్డుమొక్క, తీసి పారెయ్యమన్నారు అందరూ. పెరట్లోకి మార్చానో లేదో, విరగబూసింది. దానికి రాత్రి రాత్రిలా ఉండాలి. కంటి నిండా నిద్రపోతే గానీ మొగ్గ తొడగదు."

కర్టెన్లమ్మకి ఆ మాట ఇట్టే బోధపడింది. వెలుగును ఆపడమే కదా ఆవిడ బతుకుతెరువు. హోటళ్ళకీ, ఆసుపత్రులకీ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే వాళ్ళ ఇళ్ళకీ నల్ల అస్తరు వేసి మందపాటి కర్టెన్లు కుట్టేది. వీధిలో ఆ పేరు అలాగే వచ్చింది. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున లేచింది మొదలు పైకీ కిందకీ తిరిగే మనిషి, ఇంట్లో మాత్రం ఎవరి పక్షానా నిలబడి ఎరగడు.

అత్తగారు రెండు చలికాలాలు మంచంలో ఉంది. ఒత్తిగిల జేసింది ఎవరు? కర్టెన్లమ్మ. నోట్లో ముద్ద పెట్టిందెవరు, పక్కబట్టలు ఉతికిందెవరు? కర్టెన్లమ్మే. పక్కింట్లోనే ఉన్న కన్నకూతురు ఆదివారం ఆదివారం వచ్చి గడప మీద నిలబడేది. "మందుల వాసన నాకు పడదు వదినా," అని ముక్కు మూసుకునేది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునే మనిషి! అక్కడ మరి ఏ అత్తరు వాసన వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

సరే, పెద్దావిడ పోయింది. ఏడ్చారు, చేయవలసినవి చేశారు. చలి తగ్గి చామంతి పిలకలు తలెత్తిన రోజుల్లో, కర్టెన్లమ్మ ఒక ఆసుపత్రిలో కర్టెన్లు వేలాడదీయడానికి పొద్దున్నే వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే పెరట్లో చామంతి ఉండవలసిన చోట గొయ్యి. గోడ అవతల చూస్తే, తడిపిన మట్టిలో వరసగా పిలకలు. చివర ముదురు మోడు కూడా నాటుకుంది ఆ మహాతల్లి, అది పారేయాలని తెలియక.

"మా అమ్మ మొక్క కదా వదినా," అంది ఆడపడుచు, చేతుల మట్టి దులుపుకుంటూ. "నా దగ్గరుంటేనే బాగుంటుంది."

"అడిగితే సగం ఇచ్చేదాన్నిగా."

"మా అమ్మది నేను అడిగి తీసుకోవాలా?"

కర్టెన్లమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన గొయ్యి వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, స్నానానికి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే ఎలా ఉండేదో గానీ, ఆ ఏడు పార్కులో జరిగిన పూల పోటీలో ఆ చామంతికి మొదటి బహుమతి వచ్చింది. ఊరు ఊరంతా చూస్తుండగా మైకు చేతికిచ్చి, ఎలా పెంచారమ్మా అని అడిగారు. ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "ఇది మా అమ్మ మొక్క. చివరి ఊపిరి దాకా అమ్మనీ నేనే చూసుకున్నాను, మొక్కనీ నేనే చూసుకున్నాను," అంది. జనం చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న కర్టెన్లమ్మకి నిలువెల్లా మండిపోయింది. సూదుల పోట్లతో గరుకెక్కిన తన వేళ్ళు చూసుకుంది. ఆ వేళ్ళతో తుడిచిన ఒళ్ళు, కడిగిన ఒళ్ళు, ఈవిడగారు చూసుకున్నదట!

అయినా మొక్క మీద మమకారం కొద్దీ, తర్వాతి చలి తగ్గాక వెళ్ళి నోరు విడిచి అడిగింది. "ఒక్క పిలక ఇవ్వమ్మాయీ. ఉత్త గొయ్యి చూడలేకపోతున్నాను."

"ఇవ్వడానికేం వదినా," అంది ఆడపడుచు తియ్యగా. "కానీ నలుగురి ఇళ్ళల్లో ఉంటే దానికి విలువేముంటుంది చెప్పు?"

అదిగో, ఆ క్షణాన కర్టెన్లమ్మ లోపల ఏదో పుటుక్కున తెగింది. ఏడవలేదు, అరవలేదు. ఇంటికి వచ్చి ఆలోచించింది. ఈ మనిషికి కావలసింది మొక్క కాదు, మైకు. పువ్వు లేని మొక్కని ఒక్క పూట ఉంచుకోదు, పీకి చెత్తలో పడేస్తుంది. చెత్తలో పడేసింది ఏరుకుంటే ఎవరూ దొంగతనమనరు. మొక్కకి మొక్కా దక్కుతుంది, పొగరుకి పొగరూ అణుగుతుంది. అత్తగారు చెవిలో చెప్పిన మాట ఆ కూతురికి తెలియదు. మంచం దగ్గర కూర్చుంటే కదా తెలియడానికి.

వేసవి చివర మొగుడితో అంది, "ఏవండీ, పెరటి గోడ మీద ఒక పెద్ద లైటు బిగించరూ. దొంగల భయంగా ఉంది."

ఆయన మారుమాట్లాడకుండా నిచ్చెన వేసి బిగించాడు. కొంచెం అటు తిప్పమంటే అటు తిప్పాడు.

ఇక చూడండి వినోదం. రాత్రులు పెరిగాయి, ఊళ్ళో చామంతులన్నీ మొగ్గ తొడిగాయి. ఆడపడుచు పెరట్లో మాత్రం ఆకు మీద ఆకు. పచ్చగా, గుబురుగా, నడుము దాకా ఎదిగిపోతోంది, మొగ్గ ఊసు లేదు. ఆవిడ ఎరువు వేసింది. ఇంకా వేసింది. నీళ్ళు మానేసి చూసింది, రెట్టింపు పోసి చూసింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ ముందే చెప్పుకుంది కదా, ఈసారి కూడా బహుమతి నాదేనని. నోరు తెరుచుకుని కూర్చున్న వాళ్ళు కాదనలేరు పాపం. ఇప్పుడు వాళ్ళే ఎదురొచ్చి, మొగ్గలేశాయా అని అడుగుతున్నారు.

కర్టెన్లమ్మ రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ గోడ మీదుగా తొంగి చూసేది. "ఇంకా రాలేదా అమ్మాయీ? అయ్యయ్యో. పోయినేడు ఈపాటికి విరగబూసిందే."

"దిష్టి తగిలింది వదినా."

"తగలదూ మరి. అందరి ముందూ మైకులో చెప్పుకుంటివి."

ఆ రోజుల్లో కర్టెన్లమ్మకి రెండు ముద్దలు ఎక్కువ పట్టేవి. మిషను తొక్కుతూ కూనిరాగాలు తీసేది. ఒక్కోసారి ఆ గుబురు ఆకుల్ని చూస్తే, నిద్ర లేక మంచంలో కళ్ళు తెరుచుకుని పడుకున్న అత్తగారు గుర్తొచ్చేది. ఇంకెన్నాళ్ళులే, నా దగ్గరికి వచ్చాక కంటి నిండా నిద్రపోదువు గాని అని ఆ మొక్కకి మనసులోనే సర్దిచెప్పేది.

పూల పోటీ రానే వచ్చింది. పేరు ఇచ్చేసిన పాపానికి ఆడపడుచు ఉత్త ఆకుల దుబ్బుల్నే కుండీల్లోకి ఎత్తి మోసుకెళ్ళింది. ఎవరో న్యాయనిర్ణేత కళ్ళజోడు సవరించుకుని, "ఇది పూల పోటీ అమ్మా, ఆకుకూరలది కాదు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆడపడుచు ముఖం మాడిపోయింది. కర్టెన్లమ్మ అందరికంటే వెనక నిలబడి, తనివితీరా చూసింది. కడుపులో పోసుకున్న నిప్పు మీద ఎవరో చల్లటి నీళ్ళు చల్లినట్టయింది. పెళ్ళి రోజున కూడా ఆవిడ అంత సంతోషపడలేదంటే నమ్మండి.

మర్నాడు పొద్దున్నే ఒక గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, వీధి చివర చెత్తకుండీ దగ్గరికి వెళ్ళి చూసింది. ఇంకా ఏమీ పడలేదు. పడుతుందిలే, తొందరేముంది అనుకుంటూ వెనక్కి వస్తుంటే ముక్కుకి పొగ తగిలింది. పచ్చి ఆకు కాలుతున్న వాసన, అందులో చామంతి ఆకు నలిపితే వచ్చే ఘాటు.

ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది.

గోడ అవతల, పాత ఇనుప డ్రమ్ములో ఆడపడుచు మంట పెట్టింది. పక్కనే పార. మళ్ళు తవ్వేసి ఉన్నాయి. దుబ్బులు వేళ్ళతో సహా డ్రమ్ములో చిటపటలాడుతున్నాయి. ఆఖరి దుబ్బు ఒక్కటి ఆవిడ చేతిలో ఉంది, మట్టి రాలుతూ.

"ఏం చేస్తున్నావే?"

"నర్సరీ అతను చెప్పాడు వదినా. ఇది తెగులట. మొగ్గ చంపేసే తెగులు. పారేస్తే చుట్టుపక్కల అంటుకుంటుందట, కాల్చెయ్యమన్నాడు." ఆడపడుచు కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. "అమ్మ మొక్కకి ఇలాంటి గతి పట్టింది చూడు. నా చేతుల్లోనే చచ్చింది."

కర్టెన్లమ్మ గోడ దగ్గరికి చేరింది. చెబితే ఇన్నాళ్ళ పంతం బూడిదవుతుంది, వీధిలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే మొక్క బూడిదవుతుంది. ఆ ఇటుక రంగు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆడపడుచు చెయ్యి డ్రమ్ము వైపు కదిలింది.

"ఆగు. దానికి తెగులూ లేదు, పాడూ లేదు. వెలుగుంటే అది పూయదు. అత్తయ్య చెప్పింది నాకు. ఆ లైటు..." గోడ మీదికి చెయ్యి చూపించింది. "ఆ లైటు నీ మొక్క మీద పడాలనే పెట్టించాను. ఆర్పేస్తాను. అది నాకిచ్చెయ్యి. వద్దు, నువ్వే ఉంచుకో. కాల్చకు, అంతే."

ఆడపడుచు గోడ మీదున్న లైటు వైపు చూసింది. అది ఇంకా వెలుగుతూనే ఉంది, పొద్దెక్కినా ఆర్పడం మరిచిపోయింది కర్టెన్లమ్మ. ఆడపడుచుకి బట్టలు తీసుకోవచ్చని తాను మెచ్చుకున్న సాయంత్రం గుర్తొచ్చిందో, ఆకుకూరల మాట గుర్తొచ్చిందో. ముఖంలో ఏడుపు మెల్లగా ఎండిపోయింది.

"అమ్మ నీకు చెప్పిందా?" అంది. "నాకు చెప్పలేదు."

"నువ్వు కూర్చుంటే కదా..."

"అయితే ఇది నాకూ వద్దు, నీకూ వద్దు," అని ఆఖరి దుబ్బును డ్రమ్ములో వేసింది. విసరలేదు, పొయ్యిలో పుల్ల పెట్టినంత నిదానంగా పెట్టింది. కర్టెన్లమ్మ గోడ ఎక్కబోయింది. గోడ ఎత్తు. చీరుకుపోయిన మోచేతులతో అక్కడే వేలాడుతూ ఏడ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మొగుడు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షుతో, నోటి నిండా నురగతో. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, ఎంత విన్నాడో. లోపలికి వెళ్ళి పుక్కిలించి పనికి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం రెండిళ్ళ మధ్య మాటల్లేవు. కర్టెన్లమ్మ లైటు తీయించలేదు, వెలిగించనూ లేదు. పెరటి తలుపు తీయడమే మానేసింది.

చలి తగ్గింది. ఒక మధ్యాహ్నం ఉతికిన అస్తరు గుడ్డలు ఆరేయడానికి తప్పనిసరై పెరట్లోకి వెళితే, గోడ మొదట్లో, తన వైపు, ఇటుకల సందులోంచి ఏదో పచ్చగా కనిపించింది. వంగి చూసింది. ఆకు నలిపి వాసన చూసింది. అక్కడే మట్టిలో చతికిలపడిపోయింది. చామంతి వేరు ఊరికే ఉండదు, నేల కింద పాకుతుంది. అవతలి మళ్ళలోంచి గోడ కిందుగా పాకి, తనంతట తాను ఇవతలికి వచ్చేసింది.

"వచ్చావా తల్లీ," అంది.

ఆ రోజే స్టూలు వేసుకుని ఎక్కి, గోడ మీద లైటు తానే ఊడబీకింది. ఇక ఆ పిలకని కాచుకున్న తీరు చెప్పనలవి కాదు. అవతలికి కనబడకుండా దండెం గోడ పక్కకి మార్చి, ఎప్పుడూ ఏదో ఒక తడి కర్టెను వేలాడదీసి ఉంచేది. మట్టి గుల్ల చేసింది, చివుళ్ళు తుంచింది. వేసవి గడిచేసరికి బుట్టంత గుబురైంది. పూల పోటీకి తీసుకెళ్ళాలని మనసులో గట్టిగా అనుకుంది. మైకు ఇస్తే ఏం చెప్పాలో కూడా మిషను తొక్కుతూ వల్లించుకుంది. ఎవరి పేరు చెప్పాలో, ఎవరి పేరు చెప్పకుండానే ముఖం మాడ్చాలో, అంతా సిద్ధం. అంత జరిగినా కసి తగ్గిందనుకున్నారా? పిలకతో పాటే అదీ చిగిర్చింది.

వేసవి చివర ఒక సాయంత్రం, ఒక హోటల్లో కర్టెన్లు బిగించి ఇంటికి వచ్చి, పెరటి తలుపు తీసింది.

పెరడు పట్టపగల్లా ఉంది.

అవతలి గోడ మీద కొత్త లైటు. తాను పెట్టించిన దానికంటే పెద్దది, తిన్నగా ఇటే తిరిగి ఉంది. ఎప్పుడూ ఆరని ఆ కర్టెన్లే గుట్టు పట్టించాయేమో. దండెం మీద తడి కర్టెన్ల పైనుంచి వెలుగు జారి, చామంతి ఆకు ఆకు మీదా పడుతోంది. దాని కింద ఆడపడుచు బట్టలు మడత పెట్టుకుంటోంది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది.

"దొంగల భయం వదినా. మీ వైపు కూడా వెలుగుగా ఉంటుందిలే. నీకేం ఇబ్బంది లేదుగా?"

కర్టెన్లమ్మ ఏ మాట అన్నా దానికి జవాబు తానే ఎప్పుడో చెప్పేసింది.

వీధి వైపు నుంచి మొగుడు వచ్చాడు, భుజాన నిచ్చెనతో. నిచ్చెన గోడకి ఆనించి, కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు.

"అది బిగించింది మీరేనా?"

"ఆ. చెల్లి అడిగింది."

"ఎందుకడిగిందో మీకు తెలియదూ?"

"నువ్వు పెట్టమన్నప్పుడు ఎందుకని అడిగానా?" అన్నాడు ఆయన. "దాన్నీ అడగలేదు." చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఒక్కో వేలే తుడుచుకున్నాడు. "అది తవ్వుకుపోయిన రోజు గానీ, మీరు కాల్చుకున్న రోజు గానీ, ఆవిడ నాకు కూడా అమ్మేనని మీ ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తొచ్చిందా?"

తువ్వాలు దండెం మీద వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

గోడ అవతల బట్టలు మడిచే చప్పుడు ఆగిపోయింది. కర్టెన్లమ్మ లోపలి నుంచి టేపు తెచ్చి, మొక్క ముందు కూర్చుని, ఎత్తూ చుట్టుకొలతా చూసుకుంది. నల్ల అస్తరు రెండు పొరలు వేసి ముసుగు కుడితే సరిపోతుంది. రోజూ పొద్దువాలగానే కప్పాలి, తెల్లవారగానే తీయాలి, ఒక్క పూట కూడా మరవకూడదు. మంచంలో ఉన్న మనిషిని చూసుకున్నట్టే. అది ఆవిడకి కొత్తేం కాదు.